తమ్ముడి ఉత్తరం ఇప్పుడే పంపవద్దు

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యారు. తమ్ముడు షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరాడు, ఇప్పుడు కెప్టెన్. పోయిన సెలవులో నాతో ఒక్కదానితోనే ఒక విషయం చెప్పాడు. తాను గే అట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వాడేమో "ఇంక దాచుకుని బతకలేను, సుప్రీంకోర్టే నేరం కాదంది కదా, కమాండింగ్ ఆఫీసర్‌కు ఉత్తరం రాసి చెప్పేస్తాను" అంటున్నాడు. అదే సెలవులో టీవీలో ఈ విషయం మీద చర్చ వచ్చింది. "అలాంటివాళ్ళు ఉంటే పల్టన్ పాడైపోతుంది. ఒకవేళ ఉన్నా నోరు మూసుకుని ఉండాలి" అన్నారు నాన్నగారు. వాడు పక్కనే కూర్చుని విన్నాడు. వాడి ఉత్తరాన్ని ప్రోత్సహించాలా, ఆపాలా? నాన్నగారి మాటలో నిజం ఎంత?
– ఒక అక్క, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ఆపండి. రాసుకుంటే రాసుకోనివ్వండి, పంపనివ్వవద్దు. సైనిక చట్టం మీద పనిచేసే వకీలు ఆ ఉత్తరం చదివి, ఏ వాక్యం ఎటు దారితీస్తుందో చెప్పేదాకా అది అతని పెట్టెలోనే ఉండాలి. ఈ సలహా ఇవ్వడం నాకేమీ సంతోషంగా లేదు. గే అయినవాళ్ళు ఆ సంగతి దాచుకోకుండానే యూనిఫారం వేసుకోవాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ నా కోరిక తీరడానికి మీ తమ్ముడి ఉద్యోగాన్ని పణంగా పెట్టమనే హక్కు నాకు లేదు. అది అతనే, అన్నీ తెలుసుకుని, తీసుకోవలసిన నిర్ణయం. ఇప్పుడు అతనికి సగమే తెలుసు.

తెలిసిన సగం నిజమే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇద్దరు వయోజనులు ఇష్టపడి పెట్టుకున్న సంబంధాన్ని, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ నుంచి తప్పించింది. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. మీ తమ్ముడు ఏ బ్యాంకులోనో పనిచేస్తుంటే చట్టం సంగతి ఇంతటితో సరిపోయేది. సైన్యంలో సరిపోదు. సైనికుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించవచ్చో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతో చేసిన 1950 నాటి సైన్య చట్టంలో 46వ సెక్షన్ ఉంది. క్రూరమైన, అసభ్యమైన, ప్రకృతి విరుద్ధమైన అవమానకర ప్రవర్తనకు కోర్ట్ మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, ఏడేళ్ళ దాకా జైలుశిక్ష వేయవచ్చునంటుంది అది. దానికి ముందున్న 45వ సెక్షన్, అధికారి హోదాకు తగని ప్రవర్తన గురించి. ఈ రెండింటిలోనూ స్వలింగ సంబంధం అన్న మాట ఎక్కడా కనబడదు. "ప్రకృతి విరుద్ధం" అంటే ఏమిటో చెప్పేది ఆ రోజు బల్లకు అవతలివైపు కూర్చున్నవాళ్ళే.

వాళ్ళు ఏమనుకుంటున్నారో ఊహించుకోవలసిన పని కూడా లేదు. తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 2019 జనవరి 10న, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ విలేకరుల ముందే చెప్పారు: సైన్యం సంప్రదాయవాద సంస్థ, దీన్ని లోపలికి రానివ్వం, సైన్య చట్టం కింద చర్యలు తీసుకుంటాం అని. అక్రమ సంబంధాల విషయంలో సుప్రీంకోర్టు సైన్యానికి ఎంత వెసులుబాటు ఇచ్చిందో కూడా చూడండి. ఆ సంబంధాలను నేరంగా చూసిన 497వ సెక్షన్‌ను 2018లో కొట్టేసిన కోర్టే, ఆ తీర్పు సైనిక చట్టాల కింద తీసుకునే చర్యలకు అడ్డు కాదని 2023 జనవరిలో స్పష్టం చేసింది. 377 విషయంలో అలాంటి వివరణ రాలేదు. వస్తే ఏ వైపు వస్తుందో మీ తమ్ముడి జీతం మీద పందెం కాయదగ్గ సంగతి కాదు.

ఇందులో ఒక సన్నని గీత ఉంది. 46వ సెక్షన్ శిక్షించేది ప్రవర్తనను, ఫలానా మనిషి కావడాన్ని కాదు. "నేను గే" అని చెప్పడం దానికదే నేరమవుతుందని చట్టం ఎక్కడా అనలేదు. మరి ఉత్తరంతో ప్రమాదమేమిటంటారా? ఉత్తరం అందాక ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, యూనిట్‌లో ఎవరైనా ఉన్నారా? జవాబు చెప్తే ప్రవర్తన అవుతుంది, చెప్పకపోతే విచారణకు సహకరించనట్టవుతుంది. కోర్ట్ మార్షల్ దాకా పోకపోయినా, ఏటా పై అధికారి రాసే రహస్య నివేదికలో నాలుగు చల్లని వాక్యాలు చాలు. షార్ట్ సర్వీస్ పదేళ్ళు. ఆపైన నాలుగేళ్ళ పొడిగింపు రావాలన్నా, శాశ్వత కమిషన్ దక్కాలన్నా ఆ నివేదికలే చూస్తారు. 2010లో రాజీనామా చేసి బయటికి వచ్చిన ఒక మేజర్, తాను గే అని బహిరంగంగా చెప్పింది 2020లో, యూనిఫారం వదిలిన పదేళ్ళకు. ఆయన జీవితం స్ఫూర్తిగా రాసుకున్న సినిమా స్క్రిప్టుకు 2022లో రక్షణ శాఖ అనుమతి ఇవ్వలేదు. తెర మీద కల్పిత పాత్రకే ఒప్పుకోని వ్యవస్థ, ఉద్యోగంలో ఉన్న కెప్టెన్ ఉత్తరాన్ని ఎలా చదువుతుందో ఆలోచించమనండి.

(విశాఖ నేవీ ఉదంతం మీరు వినే ఉంటారు. సెలవులో లింగ మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న ఒకరిని 2017లో సర్వీసు నుంచి పంపేశారు. ఆ కేసు వేరు. అక్కడి ప్రశ్న లింగం గురించి, ఇక్కడిది ఎవరిని ఇష్టపడతారన్న దాని గురించి. టీవీ చర్చల్లో రెండూ కలిపి రుబ్బేస్తారు, మీరు కలపకండి.)

ఇక నాన్నగారి మాట. ఆయనను వెక్కిరించి లాభం లేదు. ఒకే బ్యారక్‌లో మంచం పక్కన మంచం, ఒకే స్నానాల గది, మంచు కొండ మీద గుడారంలో నలుగురు. ఇరవై ఎనిమిదేళ్ళు అలా బతికిన మనిషికి, యూనిట్‌లో మనిషి మీద మనిషికి నమ్మకం చెడితే ప్రాణాలు పోతాయని మనం నేర్పనక్కరలేదు. ఆయన భయం నిజమైనదే. ఆయన భయపడ్డట్టే జరుగుతుందా అన్నది మాత్రం లెక్క చూసి చెప్పవలసిన విషయం. ఆ లెక్క చూసిన సైన్యాలు ఉన్నాయి.

బ్రిటన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మన పల్టన్, మెస్, రెజిమెంట్ మర్యాదలు చాలావరకు అక్కడివే. అక్కడ గే అని తెలిస్తే సైన్యం నుంచి వెళ్ళగొట్టేవారు. సైనిక పోలీసులు గదులు సోదా చేసి, ఉత్తరాలు చదివి, అవమానకరమైన ప్రశ్నలు వేసేవారు. అలా ఉద్యోగాలు పోయిన నలుగురు యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళి 1999 సెప్టెంబరులో గెలిచారు. 2000 జనవరి 12న నిషేధం పోయింది. అంతకుముందు సైన్యం తీయించిన అభిప్రాయాల్లో అత్యధికులు వద్దనే అన్నారు. మరి అభిప్రాయాలు మారకుండానే నిషేధం ఎత్తేస్తే ఏమైంది? ఏమీ కాలేదు. రక్షణ శాఖ సొంత సమీక్షలోనే చెప్పుకోదగ్గ ఇబ్బంది కనబడలేదు.

ఎందుకు కాలేదన్నదే నాన్నగారికి చెప్పదగిన భాగం. నిషేధం ఎత్తేసిన రోజునే ప్రవర్తనా నియమావళి ఒకటి పెట్టారు. అది గే వాళ్ళ కోసం రాసినది కాదు, అందరి కోసం. దాని నడుమ ఒకే ఒక పరీక్ష: ఈ వ్యక్తి చేసిన పని వల్ల యూనిట్ సామర్థ్యం దెబ్బతిన్నదా, దెబ్బతినే అవకాశం ఉందా? కింది ఉద్యోగి మీద కన్నేసిన అధికారి, స్నానాల గదిలో వెకిలి చేష్టలు చేసిన జవాను, తోటివాడి భార్యతో సంబంధం పెట్టుకున్నవాడు, అందరికీ అదే పరీక్ష. ఆడా మగా, మగా మగా అన్న తేడా అందులో రాదు. మన సైన్యానికి ఈ తరహా ఆలోచన కొత్తేమీ కాదు. "తోటి అధికారి భార్య అనురాగాన్ని దొంగిలించడం" అనే అభియోగం మీద ఇప్పటికీ అధికారులను విచారిస్తున్నారు కదా, నాన్నగారికి ఆ మాట వినగానే ఒకరిద్దరు గుర్తుకొచ్చి నవ్వు కూడా రావచ్చు. అనురాగాల దొంగతనానికే నియమం ఉన్న సంస్థకు, బ్యారక్‌లో మర్యాదకు నియమం రాసుకోవడం చేతకాదంటే నేను నమ్మను.

"నోరు మూసుకుని ఉండాలి" అన్న రెండో మాట ఇంకా ప్రమాదకరమైనది. మధ్యేమార్గంలా, పెద్దమనిషి తరహాలో వినిపిస్తుంది. అమెరికా సరిగ్గా దాన్నే చట్టం చేసి చూసింది. 1993లో క్లింటన్ నిషేధం ఎత్తేస్తానంటే సేనాధిపతులు, సెనేట్ పెద్దలు అడ్డుపడ్డారు. చివరికి కుదిరిన రాజీ: మేము అడగం, మీరు చెప్పవద్దు. పద్దెనిమిదేళ్ళు నడిచింది. ఆ కాలంలో పదమూడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో అరబిక్ నేర్చిన అనువాదకులు కూడా ఉన్నారు, అదీ ఇరాక్‌లో యుద్ధం జరుగుతుండగా. అడగం అన్నారు కానీ ఎవరో చెప్తే వినడం మానలేదు. పాత స్నేహితుడి కోపం, గిట్టనివాడి ఫిర్యాదు, ఒక ఈమెయిల్ చాలు. నోరు మూసుకున్నవాడు తన గుట్టు తెలిసిన ప్రతి మనిషికీ లోకువ. శత్రు గూఢచారికి అంతకంటే సులువైన పట్టు దొరుకుతుందా? ఫోనులో ఆడగొంతుతో వలవేసే కేసుల గురించి మన సైన్యం ఎన్ని హెచ్చరికలు చేస్తోందో నాన్నగారికి తెలుసు. దాచుకోక తప్పని రహస్యం ఉన్నవాడి మీద ఆ వల ఇంకా బాగా పనిచేస్తుంది.

2010లో అమెరికా రక్షణ శాఖ సైనికులనే అడిగింది. లక్షా పదిహేను వేల మంది జవాబిచ్చారు. పది మందిలో ఏడుగురు నిషేధం పోతే మంచే జరుగుతుందనో, మంచీ చెడూ కలిసి ఉంటాయనో, ఏమీ కాదనో అన్నారు. నాన్నగారి పక్షాన కూడా ఒక అంకె ఉంది, దాచను: మెరైన్ పోరాట దళాల్లో సగానికి పైగా చెడే జరుగుతుందన్నారు. అయితే గే అని తాము అనుకున్న మనిషితో నిజంగా కలిసి పనిచేసినవాళ్ళను విడిగా అడిగితే, 92 శాతం మంది యూనిట్ పని బాగానే సాగిందనో, ఫరవాలేదనో చెప్పారు. భయం ఎక్కువగా ఊహలోనే ఉంది. మెరైన్ల అధిపతి జనరల్ జేమ్స్ ఆమోస్ ఆఖరి నిమిషం దాకా వ్యతిరేకించారు, యుద్ధంలో దృష్టి మళ్ళి తన కుర్రాళ్ళు కాళ్ళు పోగొట్టుకుంటారన్నారు. 2011 సెప్టెంబరు 20న నిషేధం పోయింది. రెండు నెలలు దాటేసరికే, పెద్ద విశేషమేమీ లేకుండా గడిచిపోయిందని ఆయనే ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద గౌరవమే. వ్యతిరేకించినవాడే ఆదేశం వచ్చాక ముందు నిలబడి అమలు చేశాడు. సైన్యం గొప్పతనం అదే కదా.

"అమెరికా వేరు, మన జవాన్లు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు" అంటారు నాన్నగారు. సరే, మన దేశంలోకే వద్దాం. ఆ వాదన సుప్రీంకోర్టు ముందుకు ఇంతకుముందే ఒకసారి వచ్చింది, వేరే విషయంలో. మహిళా అధికారులకు శాశ్వత కమిషన్, కమాండ్ పదవులు ఇవ్వలేమని చెప్తూ ప్రభుత్వం, జవాన్లు ఎక్కువగా గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చినవాళ్ళనీ, ఆడవాళ్ళ ఆజ్ఞలు స్వీకరించడానికి మానసికంగా ఇంకా సిద్ధపడలేదనీ రాసిచ్చింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు దాన్ని తోసిపుచ్చింది. తర్వాత జవాన్లు తిరగబడ్డారా? 2025 మే నెలలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మొదటి మహిళా క్యాడెట్ల జట్టు బయటికి వచ్చింది కూడా. మన పల్లెటూరి జవానును చాదస్తుడని అనేది ఎప్పుడూ పై గదుల్లో కూర్చున్నవాళ్ళే. ఊళ్ళో ఒక్క బావి నీళ్ళు ముట్టనివ్వని కులాల పిల్లలను ఒకే లంగరులో, అంటే సైన్యం భోజనశాలలో, కూర్చోబెట్టి తినిపించిన సంస్థ అది. సమాజం సిద్ధపడేదాకా అప్పుడు ఆగలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో, అమెరికాలో మార్పు వచ్చింది ముందు ఆదేశం వల్ల. ఒంటరి అధికారుల ఉత్తరాల వల్ల మాత్రమే కాదు. లెనార్డ్ మాట్లోవిచ్ అనే వైమానిక దళ సార్జెంటు 1975లో సరిగ్గా మీ తమ్ముడు అనుకుంటున్న పనే చేశాడు. వియత్నాంలో పతకాలు పొందినవాడు, పై అధికారికి ఉత్తరం ఇచ్చాడు. పత్రికల ముఖచిత్రం అయ్యాడు, ఉద్యోగం పోయింది. ముందే వకీళ్ళతో మాట్లాడి, ఓడిపోయినా ఫరవాలేదనుకుని, కేసు వేయడానికే ఇచ్చిన ఉత్తరం అది. అప్పటికి చట్టం మారడానికి ఇంకా ముప్పై ఆరేళ్ళు ఉంది. బ్రిటన్ అప్పటి ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2023లో. ఊడబెరికిన పతకాలు తిరిగి ఇచ్చే పథకం ప్రకటించిందే 2021లో. చాలామందికి అప్పటికి వయసు మీదపడింది. మీ తమ్ముడు ఆ దారిన పోదలచుకుంటే అది గొప్ప దారే. కానీ "ఇంక దాచుకోలేను" అన్న అలసటలో ఎంచుకునే దారి కాదు. అలసటకు వేరే మందు ఉంది. అది ఇంట్లో దొరకాలి.

సంబంధాల సంగతి అందుకే ఉత్తరం కంటే ముందు తేల్చాలి. అతణ్ణి పెళ్ళికి ఒప్పించవద్దు. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అనే పిన్నిగారో అత్తగారో ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ సర్దుబాటు ఖరీదు కట్టేది ఇంకో ఇంటి ఆడపిల్ల. ఆ పిల్ల మీద జాలి లేనివాళ్ళకు స్వార్థం కోణం కూడా చెప్తాను. సైనికుడి భార్య ఫిర్యాదు రాస్తే అది నేరుగా యూనిట్‌కు వెళ్తుంది. భర్త జీతంలోంచి భరణం కోయించే అధికారం సైన్య చట్టంలోనే ఉంది. అంటే పెళ్ళి అతనికి మాటు కూడా కాదు, గుట్టు బయటపడే అతి దగ్గరి దారి. వైద్యం చేయిస్తే మారతాడనే సలహా వస్తే, ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పిందనీ, మార్చేస్తామంటూ చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించిందనీ చెప్పి, మాట అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు చేయవలసినవి. వకీలు విషయంలో, మీ ఊరి సివిల్ కోర్టు వకీలు వద్దు. సాయుధ దళాల ట్రైబ్యునల్‌లో వాదించేవాళ్ళు కావాలి. మన రెండు రాష్ట్రాలకు ఆ ట్రైబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. అక్కడ వాదించేవాళ్ళలో సైన్యంలో న్యాయశాఖలో పనిచేసి రిటైరైనవాళ్ళు కూడా ఉంటారు. అతను సెలవులో ఉన్నప్పుడు, తన సొంత ఫోను నుంచి, స్వయంగా మాట్లాడాలి. ఉత్తరం ముసాయిదా ఎవరికీ వాట్సాప్‌లో పంపవద్దు, మీకు కూడా. డేటింగ్ యాప్‌లు ఉంటే ఈ రోజే తీసేయమనండి. 2020 జూలైలో సైన్యం తీసేయమన్న ఎనభై తొమ్మిది యాప్‌లలో అవి కూడా ఉన్నాయి, కాబట్టి అక్కడ దొరికితే అభియోగం గే అయినందుకు కాక ఆదేశం మీరినందుకు వస్తుంది. దానికి జవాబు చెప్పుకోవడం ఇంకా కష్టం. యూనిట్‌లో తన కింద పనిచేసే ఎవరితోనైనా సంబంధం ఉంటే, ఇంకేమీ ఆలోచించకుండా తెంచుకోమనండి. అది ఏ దేశపు సైన్యంలోనైనా, ఎవరికైనా తప్పే. ఆ విషయంలో నేను మీ తమ్ముడి పక్షం కాదు.

ఈ పదేళ్ళు పూర్తయ్యాక బయటికి వచ్చి వేరే ఉద్యోగంలో నిశ్చింతగా బతకడం కూడా ఒక దారే. దాన్ని ఓటమిగా చూడవద్దని అతనికి చెప్పండి. ఉద్యోగంలో ఉండి కోర్టుకు వెళ్ళడం ఇంకో దారి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఆ ఎంపికకు ముందు కనీసం ఒక్క ఇంటి గదిలోనైనా అతను నటించకుండా కూర్చోగలగాలి. ఇప్పటికి ఆ గది మీదే. అక్కచెల్లెళ్ళకు చెప్పి, పై అధికారికి చెప్పకుండా ఆగగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళే ఒక రాత్రి తెగించి ఉత్తరం పంపేస్తారు.

నాన్నగారికి మీరు చెప్పవద్దు. ఎంత నమ్మకం ఉన్నా సరే, అది తమ్ముడు చెప్పవలసిన మాట, లేదా అతను అడిగితే మీరు చెప్పవలసిన మాట. ఈలోగా మీరు చేయగలిగింది, ఆ టీవీ చర్చను మళ్ళీ లేవనెత్తడం. తమ్ముడు ఇంట్లో లేనప్పుడు, ఎవరి పేరూ తేకుండా, జనరల్ ఆమోస్ కథ చెప్పండి. ఆ తర్వాత ఒకటి అడగండి: ఇరవై ఎనిమిదేళ్ళలో, వేల మంది జవాన్ల మధ్య, అలాంటివాడు ఒక్కడు కూడా మీ కంపెనీలో లేడా నాన్నా? ఉన్నాడనుకుంటే, వాడు డ్యూటీ ఎలా చేశాడు? ఆయనకు జవాబు తెలిసే ఉంటుందని నా అనుమానం. ఆయన ఏమన్నారో మీకూ తమ్ముడికీ ఉపయోగపడుతుంది. నాన్నగారికి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, ఆ జవాబును బట్టి ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.